నేను ఎక్కువ వేసిన చుక్కలు

ఇన్నేళ్లుగా ఈ బరువు మోస్తున్నాను. నా స్నేహితుడు మునస్వామికి గుండె మందు ఎక్కువ వేసింది నేను. డాక్టరు అడిగితే అబద్ధం చెప్పిందీ నేనే. మీకు మాత్రమే చెబుతున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. ఐరాల పక్కన మా పల్లెలో ఏటా భారతం ఆడేవాళ్లం. అర్జునుడు మునస్వామే. అర్జునుడు శివుడి కోసం తపస్సు చేసే నాడు, ఆ వేషం కట్టినవాడు పద్యాలు పాడుతూ ఎత్తైన మాను ఎక్కాలి. ఆ ఏడు అతని గుండె లయ తప్పింది. డాక్టరు చుక్కల మందు ఇచ్చాడు. లెక్కపెట్టి నీళ్లలో కలిపే పని నాది. పండగ దగ్గరపడేకొద్దీ రెట్టింపు వేస్తూ వచ్చాను. తొందరగా కోలుకోవాలనేనా? లేక, అతను పడుకుంటే ఆ పద్యాలన్నీ నోటికొచ్చిన నాకే వేషం కడతారని లోపలెక్కడో ఆశపడ్డానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

తపస్సు నాటి ఉదయం వాంతులతో కూలబడ్డాడు. ఎండదెబ్బ అనుకున్నారు. వేషం నాకు కట్టారు. అట్ట కిరీటంతోనే చూడబోతే నన్ను చూసి నవ్వాడు.

"నీ కిరీటం బంగారమైపోయిందిరా! డాక్టరు తెల్లసొక్కా గూడా పసుప్పచ్చగా కనపడతా ఉండాది."

నాడి పట్టుకున్న డాక్టరు ఉలిక్కిపడ్డాడు. "అంతా పసుప్పచ్చగా కనపడతా ఉండాదంటే మందు ఎక్కువైనాది! ఎన్ని చుక్కలు ఏసినావప్పా?"

బయట మద్దెల మోగుతోంది.

"మీరు చెప్పినన్నే సామీ."

"అయితే నా కొలతే తప్పు," అంటూ ఆయన సూది అందుకున్నాడు.

నేను మాను ఎక్కాను. ఎక్కేకొద్దీ గొంతు విచ్చుకుంది. పైనుంచి నిమ్మపండ్లు విసిరితే తడిచీరల్లో బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు కొంగులు పట్టారు. జనమంతా గోవిందలు కొట్టారు. అక్కడ స్నేహితుడి ప్రాణం ఊగిసలాడుతుంటే నాకు ఏడుపు రావాలి కదా? రాలేదు. అంత ఆనందం నా జన్మలో మళ్లీ ఎరుగను.

దిగి పరుగెత్తాను. డాక్టరు మందు మాన్పించి, పక్క మీంచి లేవనీయకుండా నాడి చూస్తూ కూర్చున్నాడు. మునస్వామి గంజి అడిగాడు! రంగు ముఖంతోనే అతన్ని వాటేసుకున్నాను.

ఆపైన ప్రతి పండగకూ అనేవాడు, "నువ్వుండబట్టి తపసు నిలబడినాదిరా." డాక్టరు మాత్రం ఆ మందు ఎవరికి రాయాలన్నా వెనకాడేవాడు, తన తప్పే అనుకుని.

ఇద్దరూ పోయారు. క్షమించేవాళ్లు లేరు. డాక్టరు కొలత సరైనదే. ఈ ఒక్క మాట బయటపెట్టాక, ఎన్నాళ్లకో, గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను.