అక్క నిలబెట్టిన పదిహేను మేకలు

మా అక్క పులిమేక ఆటలో ఎప్పుడూ మేకల వైపే ఆడేది. తనకు పులులు ఎవరూ ఇవ్వలేదు. మా వైపు ఆ ఆటలో పెద్దవాళ్లకు పులులు, చిన్నవాళ్లకు మేకలు అని ఒక వాడుక. ఎదురుగా కూర్చున్నది వయసులో పెద్దయినా, కులంలో పెద్దయినా, తోట ఆసామి అయినా పులులు వాళ్లవే. కూలికి వచ్చిన ఆడపిల్ల, అందులోనూ రోగిష్టి పిల్ల, చింతపిక్కలు చేతబట్టుకుని మేకల వైపు కూర్చోవలసిందే.

తెలియనివాళ్ల కోసం ఆట సంగతి చెబుతాను. బండమీద బొగ్గుతో కొండలాగా ముక్కోణం గీసి, దాని మీద అడ్డగీతలు గీస్తారు. గీతలు కలిసే చోట్లే అడుగు పెట్టే చోట్లు. పులులు మూడు, మేకలు పదిహేను. మేకల మనిషి ఒక్కో పిక్కా పెట్టుకుంటూ పోవాలి. పెట్టినప్పుడల్లా ఒక పులి కదులుతుంది. మేక వెనక చోటు ఖాళీగా ఉంటే పులి దాని మీంచి దూకి తినేస్తుంది. పదిహేనూ పెట్టాక మేకల్ని కూడా ఒక్కో అడుగు జరపొచ్చు. మూడు పులుల్నీ ఎటూ కదలకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు. రెండు మూడు మేకలు పోగొట్టుకుని గెలిచినా మామూలువాళ్లు సంబరపడతారు. అక్క ఒక్కటి పోయినా మొహం ముడుచుకునేది. "దాన్నక్కడెందుకు పెట్టాను? తినిపించడానికా?" అని తనను తానే తిట్టుకునేది.

ఇది డెబ్బయ్యో దశకం నడుమ మాట. నాకు పదమూడేళ్లు, అక్కకు పదిహేడు. తిరువూరు చివర మా పేట. కాయ దిగే రోజుల్లో అమ్మా, అక్కచెల్లెళ్లం మేమిద్దరం వినగడప దారిలో ఒక మామిడితోటకు కూలికి వెళ్లేవాళ్లం. మగవాళ్లు కాయ కోస్తే ఆడవాళ్లు సొన తుడిచి, దెబ్బ తగిలినవి ఏరేసి, గడ్డి పరిచిన గంపల్లో పేర్చేవాళ్లు. చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి అక్క గుండె పాడైంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. అందుకని పాకలో కూర్చుని కాయలు ఏరే పని తనకిచ్చారు. ఆ ఏడు తోట కాయను గుత్తకు కొన్న ఆసామిది నెమలి అనే ఊరు. అన్నాలయ్యాక ఓ గంటసేపు ఎవరో ఒకరిని కూర్చోబెట్టి పులిమేక ఆడకపోతే ఆయనకు తోచేది కాదు. అందర్నీ ఓడించాక మిగిలింది అక్క.

"ఏమే పిల్లా, నిన్న రెండు మేకల్ని తిన్నాను. అరిగిందా?" అనేవాడు.

"తిన్నది మీరు గదండీ అయ్యా, అరగాల్సింది మీకే," అనేది అక్క. పాకంతా నవ్వేవాళ్లు. ఆసామీ నవ్వేవాడు. ఇంటి దగ్గర నేను చూసే అక్క అంత మాట అనగలదని నేను అనుకోలేదు.

ఇంటి దగ్గర అక్క గురించి అందరూ అనేది ఒకటే మాట, "పాపం". ప్రార్థన మందిరం నుంచి వస్తూ పలకరించినవాళ్లు అనేవాళ్లు. అమ్మ అనేది. నాన్న పెద్దగా మాట్లాడేవాడు కాదు గాని, అక్క పక్కనుంచి వెళ్లేటప్పుడు ఆయన నిట్టూర్పు ఆ మాటలాగే ఉండేది. ఒకరోజు గడ్డి పరుస్తూ అక్క నాతో అంది: "నాన్న ఒక్కసారి నా ఆట చూడాలే. అప్పుడు గాని నన్ను చూసి అట్టా ఊపిరి వదలడు."

నాన్న చూడడు. ఒకప్పుడు ఆయనే పేటలో గట్టి ఆటగాడు. ఆ మోజే పెరిగి ముక్కలాటలోకి దిగి, ఒక వర్షాకాలం ఇంట్లో పాడిగేదెను పోగొట్టాడు. తర్వాత ఒక ఆదివారం మందిరంలో అందరి ముందూ లేచి నిలబడి ప్రమాణం చేశాడు. ముక్క ముట్టను, గవ్వ ముట్టను, ఆటరాయి ముట్టను అని. మా సంఘంలో అలాంటి ప్రమాణం తప్పినవాళ్లను రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు దూరం పెట్టేవాళ్లు. బల్లకు దూరమైన ఇంటిని పేటలో ఎలా చూస్తారో నాకు తెలుసు. అప్పటినుంచి ఎవరైనా నేలమీద గీతలు గీసుకుని కూర్చుంటే నాన్న మొహం తిప్పుకుని వెళ్లిపోయేవాడు.

ఒకరోజు అన్నాలయ్యాక ఆసామి పందెం లాంటి మాటొకటి అన్నాడు. "పదిహేనూ నిలబెట్టి నా పులుల్ని కట్టావనుకో, రేపట్నించి పులులు నీవే."

అక్క పిక్కలు పెట్టడం మొదలుపెట్టింది. పది పెట్టింది, పన్నెండు పెట్టింది, ఒక్క మేకా పోలేదు. ఆసామి మాటలు తగ్గిపోయాయి. చెట్లెక్కినవాళ్లు కూడా దిగివచ్చి చుట్టూ చేరారు. పదిహేనో మేక పెట్టేసరికి రెండు పులులు కదల్లేకుండా ఉన్నాయి. ఇక మూడోదాన్ని కట్టాలి. అక్క బండమీంచి చూపు తిప్పకుండా నన్ను పిలిచింది.

"చిన్నా, నాన్న పక్క చేలో ఎరువు చల్లుతున్నాడు. పిలుచుకురా. నేను రమ్మన్నానని చెప్పు."

పరుగెత్తాను. కంచె దగ్గర ఆగిపోయాను. నాన్న అటు తిరిగి వంగి ఉన్నాడు, తట్ట పక్కన పెట్టుకుని. ఆయన్ను ఆట దగ్గరకు పిలిస్తే ప్రమాణం తప్పించినట్టేనని నాకు భయమేసింది. చూసినవాళ్లు సంఘ పెద్దలకు చెబుతారు, బల్ల దగ్గర ఆయన్ను నిలిపేస్తారు. పైగా ఇదంతా ఒక ఆట కోసం. పిక్కలాట కోసం. కంచె పట్టుకుని కాసేపు నిలబడి వెనక్కి వచ్చేశాను.

"రానన్నాడు," అని చెప్పాను.

అక్క వేళ్ల మధ్య ఒక పిక్క గాల్లో ఉంది. దాన్ని తీసినచోటే మళ్లీ పెట్టింది.

"ఇంకో రోజు ఆడదామయ్యా."

"అదేందే, గెలిచే ఆట వదిలేస్తావా?"

"ఆయాసంగా ఉందండి."

ఆసామి మంచివాడే. "ఈ బండ ఎవరూ కదపమాకండి, రేపు ఇక్కణ్ణించే ఆడతాం," అన్నాడు.

మర్నాడు అక్క లేవలేకపోయింది. నేనూ అమ్మా తోటకు వెళ్లాం. పొద్దున్నే పాక ఊడవడం నా పని. రాత్రి గాలికి గడ్డి బండమీదికి వచ్చింది. పిక్కలాటే గదా అని గడ్డితో పాటు పిక్కలూ, పులుల రాళ్లూ చీపురుతో తోసేశాను. ఆసామి వచ్చి "ఎవరే ఊడ్చింది?" అని అరిచినప్పుడు గంపల చాటున నిలబడ్డాను. అంత కోపం ఎందుకో నాకు అర్థం కాలేదు.

అక్కను తిరువూరు ఆసుపత్రికి, అక్కణ్ణించి బస్సులో బెజవాడకు తీసుకెళ్లారు. తొలకరి పడ్డ వారానికి చనిపోయింది.

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. ఈ సంగతి రాయాలనిపించింది మాత్రం ఈమధ్యే, మా మనవరాలి వల్ల. ఫోన్లో ఏదో ఆటల పోటీలో కాలేజీ తరఫున ఆడుతుంది. "అదొక చదువా అమ్మా, అదొక పనా?" అని మా అబ్బాయి దాన్ని కసురుతాడు. ఒకరోజు దాని పక్కన కూర్చుని చూశాను. ఆటలో నాకేమీ తెలియలేదు. కానీ అంతకుముందు ఓడిపోయిన ఆటను మళ్లీ పెట్టుకుని, ఎక్కడ తప్పు చేసిందో వెతుక్కుంటోంది. ఒకచోట ఆపి, "ఇక్కడ నేను వెనక్కి తగ్గాల్సింది నానమ్మా," అంది. అన్నం తినమన్నా వినిపించుకోలేదు. అంత శ్రద్ధగా ఆలోచించే మనిషిని వృథాగా కూర్చుందని ఎలా అంటాం? గెలిస్తే బహుమతులిస్తారట, ఉద్యోగాలు కూడా ఉన్నాయట. నాకు వాటితో పనిలేదు. అవేవీ లేకపోయినా సరే, ఆ పిల్ల బుర్ర ఎలా నడుస్తుందో ఆ ఆటలో ఉంది. "ఒక్కసారి దాని పక్కన కూర్చుని చివరిదాకా చూడరా," అని మా అబ్బాయితో అన్నాను. ఎందుకని అడిగాడు. నోటితో చెప్పలేకపోయాను.

అక్క పోయిన రెండు నెలలకు ఒక ఆదివారం నాన్న మందిరం నుంచి వచ్చి గుమ్మంలోనే నన్ను ఆపాడు. ముందురోజు తిరువూరు బస్టాండులో ఆసామి కనిపించి ఆ రోజు ఆట సంగతి చెప్పాడట.

"నేనెప్పుడు రానన్నానే?" అన్నాడు.

బల్లకు దూరం పెడతారని భయపడ్డానని ఏడుస్తూ చెప్పాను. కొడతాడనుకున్నాను.

"ముట్టనన్నాను గాని చూడనన్నానా?" అన్నాడు. "మొహం తిప్పుకునేది నా చెయ్యి మీద నాకు నమ్మకం లేక. అది పిలిస్తే వచ్చేవాణ్ణి గదే."

తర్వాత నన్ను పొయ్యిలోంచి బొగ్గు తెమ్మన్నాడు. వసారాలో నాచేత గీతలు గీయించాడు. అమ్మ డబ్బాలోంచి చింతపిక్కలు తెచ్చుకున్నాను. ఆయన ఎదురుగా కూర్చుని రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు.

"పెట్టు. మీ అక్క ఎక్కడెక్కడ పెట్టిందో అట్టాగే పెట్టు."

పై కొస దగ్గర రెండు పులులు పెట్టాను, అది గుర్తుంది. మూడోది కుడివైపో ఎడమవైపో తెలియలేదు. మేకలు పెట్టడం మొదలుపెట్టాను. ఆ రోజు నేను అక్క మొహాన్ని చూశాను, ఆసామి మీసాన్ని చూశాను, చుట్టూ చేరినవాళ్లను చూశాను. బండను చూడలేదు.

"అట్టా పెడితే పులి దూకుతుంది," అన్నాడు నాన్న. "అది అట్టా పెట్టదు."

తీసి ఇంకోచోట పెట్టాను.

"ఊహూ. అక్కడా దూకుతుంది."

అన్నం చల్లారిపోతోందని అమ్మ రెండుసార్లు పిలిచింది. ఆయన లేవలేదు. నేను పెట్టడం, ఆయన తల అడ్డంగా ఊపడం. పొద్దు వాలేదాకా ఎన్ని రకాలుగా మార్చినా ఎక్కడో ఒక మేక చచ్చిపోతూనే ఉంది. పదిహేనూ బతికున్న ఆ బండ ఎలా ఉందో ఆయనకు చూపించలేకపోయాను.