పెద్దమ్మ తరవాణి కుండ

పెద్దమ్మ పోయిందని వదిన ఫోన్ చేసినప్పుడు నేను గుంటూరులో మా వంటింట్లో సబ్జా గింజలు నానబోస్తున్నాను. మధ్యాహ్నం మజ్జిగ తాగి, చాప మీద పడుకుని, నిద్రలోనే వెళ్ళిపోయిందట. ఫోన్ పెట్టేసి గిన్నెలోకి చూస్తే గింజలు తెల్లగా ఉబ్బుతున్నాయి. వాటిని నానబొయ్యడం నేర్పింది కూడా ఆవిడే.

ప్రత్తిపాడు దగ్గర మా ఊళ్ళో ఎండాకాలమంటే మిరప కల్లమే. నేలంతా ఎరుపు, గాలంతా ఘాటు, ఊరంతా తుమ్ములు. ఆ ఎరుపులోంచి పెద్దమ్మ గుమ్మంలోకి అడుగుపెడితే వట్టివేళ్ళ వాసన. వాటిని పల్చటి గుడ్డలో మూటకట్టి మంచినీళ్ళ కుండలో వేసేది. మధ్యాహ్నం పడుకోబోతే మా అరికాళ్ళకు ఆముదం రాసేది, కితకితలకు మెలికలు తిరిగితే మోకాలి మీద ఒక్కటేసేది. నాకేమో చిన్నప్పటి నుంచీ ముక్కు మీదే కోపం. నేను అరుచుకుంటూ వస్తే ధనియాలు నానేసిన నీళ్ళలో పటికబెల్లం కలిపి చేతికిచ్చేది.

"నీ ఒంటి వేడికన్నా నోటి వేడే ఎక్కువే. ముందు ఇది తాగు, తర్వాత అరుద్దువుగానీ."

తాగాక ఎవరిమీద అరవాలో గుర్తుండేది కాదు. సగం నిద్ర, సగం చల్లదనం. ఆ మధ్యాహ్నాలు నిజంగా జరిగాయో, కలలో చూశానో ఇప్పుడు చెప్పలేను.

అన్నిటికన్నా ఆవిడకు ప్రాణం తరవాణి కుండ. అన్నం వార్చిన గంజి రోజూ అందులో పోస్తే మర్నాటికి కమ్మగా పులిసేది. పైపైన తేరిన నీళ్ళు తీసి, ఉప్పు, వాము, నిమ్మాకులు వేసి కల్లంలో కాయలేరే ఆడవాళ్ళకు పంపేది. అడుగున ఉన్న కాస్తా మాత్రం ఎప్పుడూ ఖాళీ చేయకూడదు. మర్నాటి గంజిని పులియబెట్టేది అదే. ఆ అడుగు ఆవిడ ఒంగోలు వైపు పుట్టింటి నుంచి కాపురానికి వస్తూ తెచ్చుకున్నది. మా మేనత్త తాగినప్పుడల్లా, "మా వదిన పుట్టింటి పులుపే వేరు" అని మురిసిపోయేది.

చావు ఇంట్లో వండింది ఉంచకూడదని ఆ మేనత్తే తరవాణి కుండను పెరట్లో ఒలకబోయించింది. నేను ఊరు చేరేసరికి మట్టి దాన్ని తాగేసింది. శవం దగ్గర ఎలాగో ఆపుకున్న ఏడుపు ఆ తడి మచ్చ దగ్గర ఆగలేదు. మేనత్తతో పోట్లాడాను కూడా. ఇక ఆ రుచి ఈ ఇంటికి రాదు కదా అని ఒకటే బెంగ.

పెద్దకర్మ అయ్యాక, కాయలేరే వాళ్ళ మేస్త్రమ్మ చర్చి నుంచి నేరుగా వచ్చింది. చేతిలో గుడ్డ కట్టిన చెంబు.

"ఇది మీ కుండలోదేనండి. మాకు అమ్మగారే అడుగు పోసి ఇచ్చింది."

వదిన చెయ్యి చాపబోయింది. మేనత్త అడ్డొచ్చింది. కొత్త కుండ తెచ్చుకున్నాం, మేమే పులియబెట్టుకుంటాం, ఎవరింట్లోదో మాకెందుకంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మేస్త్రమ్మకు మాత్రం కోపం రాలేదు. అరుగు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పింది.

"మొన్నామధ్య ఓ ఎండాకాలం పిల్లి తోసి మీ కుండ పగిలిందండి. అప్పుడు అమ్మగారే చెంబు పట్టుకుని మా ఇంటికొచ్చి అడుగు పోయించుకెళ్ళింది. మా ఆడపడుచుకు చెప్పమాకే అంది. అప్పట్నుంచీ మీరంతా తాగేది మా ఇంట్లోదేనండి."

వదిన నవ్వింది, పెద్దమ్మ పోయాక మొదటిసారి. నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. మేనత్త లేచి, కొత్త కుండను తనే తడి ఇసుక మీద కుదురుగా పెట్టి, మూత తీసి పట్టుకుంది. మేస్త్రమ్మ వంగి చెంబు వంచింది. వదిన చల్లారిన గంజి పోసింది.

మర్నాడు మధ్యాహ్నం అందరికన్నా ముందు గ్లాసు చాపింది మేనత్తే. ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుంది. బయట కల్లమంతా ఎర్రగా మండుతోంది. ఆవిడ గ్లాసులో నిమ్మాకొకటి అంచుదాకా వచ్చి, మెల్లగా తిరిగి, మళ్ళీ మధ్యకు పోతోంది.