బ్యాగులోనే ఉండిపోయిన ఫైలు

ఒక చిన్న ఫైలు బరువెంత ఉంటుంది? పెన్‌డ్రైవులో ఒక మూల కూడా నిండదు. నేను మాత్రం దాన్ని ఏళ్ల తరబడి మోస్తున్నాను. మధ్యాహ్నం కునుకు పట్టినప్పుడల్లా సాంచాల చప్పుడు వినిపిస్తుంది. మా దిక్కు మరమగ్గాన్ని సాంచె అంటారు. ఆ చప్పుడులోంచి ఒక అమ్మాయి మెల్లగా నా వైపు తల తిప్పుతుంది. ఏదో అడగబోతుంది. అంతలో మెలకువ వస్తుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఆమెను సరిత అనుకోండి. కరీంనగర్‌లో కంప్యూటర్ కోర్సులో నా తోటిది. సిరిసిల్లలో వాళ్ల నాన్న, బాపు అనేది, సాంచాలు నడిపేవాడు, అవ్వ, అంటే అమ్మ, నూలు కండెలు చుట్టేది. చీర అంచు బొమ్మను గళ్లలో గీస్తే, ఏ వరుసలో ఏ పోగు లేవాలో మగ్గానికి చెప్పే ప్రోగ్రాం రాసింది సరిత. సాంచాల ఆసాముల, అంటే యజమానుల సంఘం ఒకటి దాన్ని చూస్తామంది. వాళ్లకు నచ్చితే ఆ పనిలోనే ఉండు, లేకుంటే ఇంటికొచ్చి అవ్వతో కండెలు చుట్టు అన్నాడు బాపు.

చిక్కేమిటంటే, మా ఇద్దరికీ కలిపి ఉన్నది నా ముసలి ల్యాప్‌టాప్ ఒక్కటే. విండోస్ వేస్తే ఆయాసపడేది, లైనక్స్ మీదే నడిచేది. సంఘం ఆఫీసులో ఉన్నదేమో విండోస్. అందుకని క్రాస్ కంపైలర్ పెట్టాను. అంటే, లైనక్స్‌లో కూర్చొని విండోస్‌లో నడిచే ప్రోగ్రాం తయారుచేసే పనిముట్టు. తయారైంది మన దగ్గర తెరుచుకోదు, వేరే చోటికి పోతేనే కళ్లు తెరుస్తుంది. ఆ రోజుల్లో కలలో నడిచినట్టు నడిచేవాణ్ని. ఒకటి సరిచేస్తే ఇంకొకటి అలిగేది. కడకు ఒక సాయంత్రం ఇంటర్నెట్ సెంటర్‌లోని విండోస్ తెర మీద అంచు విచ్చుకుంది. నెమళ్లు వరుసగా నిలబడ్డాయి. సరిత చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

అయితే ఆ ప్రోగ్రాం ఒంటరిగా నడవదు. క్రాస్ కంపైలర్‌తో పాటు వచ్చే ఒక డీఎల్ఎల్ ఫైలు దానికి తోడుండాలి. ఇంటర్నెట్ సెంటర్‌లో దాన్ని నేనే పెట్టాను. ఆ సంగతి సరితకు చెప్పలేదు. అప్పటికి అది ఒట్టి మరుపే. ఒట్టేసి చెబుతున్నాను. నా ఒట్టు ఇప్పుడు నమ్మేదెవరు?

సంఘానికి చూపించే రోజు పొద్దున వాళ్ల ఆఫీసులో కంప్యూటర్‌కు పసుపు కుంకుమలు పెట్టారు. సాంచె మీదికి కొత్త పడుగు ఎక్కించేటప్పటిలాగే కొబ్బరికాయ కొట్టారు. సరిత తన ప్రోగ్రాం గురించి అందరికీ చెప్పింది. చక్కగా చెప్పింది. నా గురించి ఒక్కటే మాట. "అన్న జర సెట్టింగులు చేసిండు."

సెట్టింగులు! తిండి మానుకొని చేసిన పని సెట్టింగులైంది. అందరితో పాటు నవ్వాను. లోపల మాత్రం భగ్గుమంది.

ఆమె పెన్‌డ్రైవు పెట్టి ప్రోగ్రాం నొక్కింది. నెమళ్లు రాలేదు. ఫలానా ఫైలు లేదంటూ చిన్న పెట్టె ఒకటి వచ్చింది. చూడగానే నాకు అర్థమైంది. ఆ ఫైలు నా ల్యాప్‌టాప్‌లో ఉంది, ల్యాప్‌టాప్ బ్యాగులో ఉంది, బ్యాగు నా ఒళ్లోనే ఉంది. అడగనీ, అనుకున్నాను. అందరి ముందూ నన్ను బతిమాలనీ, అప్పుడు తీస్తాను, ఎవరి పనేమిటో అందరికీ తెలుస్తుంది. అంతే నా కోరిక. చెడగొట్టాలని కాదు. కాదా?

సరిత తల తిప్పింది.

"అన్నా, గీ ఫైలు పేరు నేనెక్కడ రాసిన? నేను రాసినదాంట్ల తప్పున్నదా?"

"ఉంటదేమో," అన్నాను.

నేను ఎదురుచూసిన ప్రశ్న అది కాదు. ఆమె నా సాయం అడగలేదు, తన తప్పు గురించి అడిగింది. నేను కాదనాల్సిన చోట ఔనన్నాను. ఎందుకన్నాను? ఎన్నిసార్లు తవ్వుకున్నా ఈర్ష్య తప్ప ఇంకేమీ దొరకదు.

"కొబ్బరికాయ గొట్టినంక మొదటి పోగే తెగింది బిడ్డా," అన్నాడు సంఘం పెద్ద. "గీ పడుగు మనకొద్దు." ఆయన పట్టింపు అది. ఇక మళ్లీ చూడడు. సరిత లేచి, తప్పు తనదేనని అందరికీ దండం పెట్టింది. నా చెయ్యి బ్యాగు జిప్పు మీదే ఉంది. ఇప్పుడు తీస్తే ఇంతసేపు ఎందుకు తీయలేదంటారని తీయలేదు.

తర్వాత ఫోన్ చేయొచ్చు కదా అంటారు. నేనూ అదే అనుకున్నాను. రేపు, ఎల్లుండి, పండగ వెళ్లాక. ఆలస్యం అమృతం విషమని ఊరికే అనలేదు. ఆలోపు సరిత ప్రోగ్రాం తుడిచేసి కండెల దగ్గర కూర్చుందని తెలిసింది.

మొన్న బాసరలో కనిపించింది. గోదావరి మీద మంచు ఇంకా విడలేదు. మెట్లు సగం కనిపించి సగం మాయమవుతున్నాయి. మంచులోంచి ఎవరో పలక పట్టుకున్న పాపతో వస్తుంటే, కునుకులోనే ఉన్నాననుకున్నాను. కూతురికి అక్షరాభ్యాసమట.

"మంచిగున్నవా అన్నా? కంప్యూటర్లు నేర్పుతున్నవట గదా. నా బిడ్డ పెద్దగైనంక నీ దగ్గరికే తోలుత. నాకైతే గంత తెలివి లేకుండె," అని నవ్వింది.

దెప్పిపొడిచినా బతికిపోయేవాణ్ని. ఆమె నిజంగానే అలా నమ్ముతోంది. చెప్పాలని నోరు తెరిచాను. పంతులు పిలిచాడు, వెళ్లిపోయింది. పంతులు మీద నెపం పెడుతున్నాను చూడండి. ఆయన పిలవకపోయినా చెప్పేవాణ్ని కాదు.

సరిత ఇది చదవదు. చదివినా, క్షమించమని ఏ మొహంతో అడుగుతాను? ఒక్క వాక్యం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి, అంతే. రాస్తుంటేనే ఊపిరి కాస్త ఆడుతోంది. సరిత రాసినదాంట్లో ఏ తప్పూ లేదు.