పందెం పొద్దున ముద్ద దిగదు

మహేశ్వరి నడక చూసి మాణికేశ్వర్ నగర్‌లో నవ్వనివాళ్లు తక్కువ. నడుము ఇటూ అటూ తిప్పుతూ, పరుగు కాని పరుగులా ఆమె గల్లీ దాటిపోతుంటే పిల్లలు వెంటపడి అలాగే నడిచి చూపించేవారు. "ఏందే, పోలీసోళ్లు ఎంటవడ్డరా?" అని నల్లా దగ్గర ఆడవాళ్లు అడిగేవారు. ఆమె ఆడేది నడక పందెం, అందులో ఎప్పుడూ ఒక పాదం నేల మీద ఉండాలి. ముందుకు వేసిన కాలు మోకాలి దగ్గర వంగకూడదు. తప్పితే ఎర్ర కార్డు, అలాంటివి మూడు పడితే పందెం నుంచి బయటికే. ఇదంతా చెప్పాలంటే ఆగాలి. ఆగడం మహేశ్వరికి ఇష్టం లేదు.

తండ్రి పోచయ్య తార్నాక మెట్రో దగ్గర ఆటో నడుపుతాడు. మహేశ్వరి యూనివర్సిటీలో డిగ్రీ చదువుతూ, తెల్లవారకముందే క్యాంపస్ రోడ్ల మీద ప్రాక్టీసు చేసేది. కోచ్ జ్ఞానప్రకాశం గారిది తెనాలి. మాట మెత్తన, గడియారం మాత్రం కఠినం.

ఒక వేసవిలో ఆయన ఆటగాళ్లందరినీ తార్నాకలో ఆహారం గురించి చెప్పే క్లాసుకు తీసుకెళ్లారు. మిగతావాళ్లు చాటుగా ఫోన్లు చూసుకుంటుంటే మహేశ్వరి రెప్ప వేయలేదు. తిన్న అన్నం చక్కెరగా మారి కండరాల్లో దాగుతుందట! కాలు కదిలినప్పుడల్లా అందులోంచి కొంచెం కొంచెం ఖర్చవుతుందట!

"అంటే నిన్న తిన్న అన్నమే ఇయ్యాల నడుస్తదా మేడమ్?" అని లేచి, పాఠం చెబుతున్న మేడమ్‌ను అడిగింది.

"అవునమ్మా. నువ్వు నడిచేది నిన్నటి అన్నం మీదే," అన్నారు మేడమ్.

ఆ సాయంత్రం తల్లి కాశమ్మ జొన్నరొట్టె చేస్తుంటే మహేశ్వరి పక్కనే కూర్చుని చూసింది. ఆ పిండి, ఆ పప్పు రేపు తన పిక్కల్లో చేరి తనను మోసుకుపోతాయి. పుట్టినప్పటి నుంచి తింటూనే ఉంది, ఇంత పెద్ద సంగతి ఇన్నాళ్లూ తన ఒంట్లోనే జరుగుతూ ఉందని ఎవరూ చెప్పలేదు. "ఏందే గట్ల జూస్తున్నవ్, ఎన్నడు రొట్టె జూడనట్టు?" అంది కాశమ్మ.

అప్పటి నుంచి టీమ్‌లో ఎవరు ఖాళీ కడుపుతో వచ్చినా మహేశ్వరి ఊరుకునేది కాదు. పందేనికి ఎంత ముందు తినాలో, ఏది త్వరగా అరుగుతుందో అందరికీ చెప్పేది. చెప్పినట్టు తిన్నవాళ్లు బాగుపడ్డారు కూడా.

కానీ తన పందెం ఉన్న పొద్దున మాత్రం ఆమెకు ముద్ద దిగేది కాదు. వరంగల్ మీట్ రోజు ఇడ్లీ ముందు పెట్టుకుని కూర్చుంది. తుంచిన ముక్క తుంచినట్టే పళ్లెంలో ఉండిపోయింది. ఏమీ తినకుండానే బరిలో దిగింది. సగం దాటాక కళ్లు బైర్లు కమ్మాయి, మోకాలు మాట వినలేదు. మూడో కార్డు పడింది.

"అన్నీ తెలుసు కదమ్మా నీకు. తెలిసి కూడా ఇలా చేశావేంటి?" అన్నారు జ్ఞానప్రకాశం గారు. మహేశ్వరి తనను తాను అడుగుతున్నదీ అదే.

చలికాలంలో రాష్ట్ర స్థాయి పోటీ యూనివర్సిటీ క్యాంపస్‌లోనే జరిగింది. మౌలాలి నుంచి వేదవతి వచ్చింది. రైల్వే ఉద్యోగి, వరుసగా గెలుస్తున్న మనిషి. మహేశ్వరి ఆమె వీపునే తప్ప ముఖాన్ని సరిగా ఎన్నడూ చూడలేదు.

ఆ పొద్దున కూడా డబ్బాలో ఉప్మా అలాగే మిగిలింది. ఎవరికీ కనబడకుండా పారేద్దామని షామియానా వెనక్కి వెళ్లిన మహేశ్వరి అక్కడే ఆగిపోయింది. నల్లా పక్కన వేదవతి వంగి వాంతి చేసుకుంటోంది. నోరు కడుక్కుంటుంటే ఆమె చేతులు వణుకుతున్నాయి.

"అక్కా, పానం బాగలేదా? సార్‌ను పిలవాల్నా?"

"ఒద్దొద్దు. భయం, అంతే. ప్రతిసారి గిట్లనే అయితది."

"మీకా?" అంది మహేశ్వరి.

వేదవతి సంచిలోంచి సీసా తీసింది. ఉప్పు వేసిన పల్చటి గంజి. ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని ఆగి, మళ్లీ ఒక గుక్క తాగింది.

"భయం పోవాలంటే ఏం జెయ్యాలక్కా?"

"పోదు చెల్లె. అది పోయినంక తిందమనుకున్నన్ని దినాలు ఉపాసముండి ఓడిన. ఇప్పుడు అది ఉండంగనే తాగుత. నమిలేది దిగకుంటే తాగేది దిగుతది. ప్రాక్టీసు దినాలల్ల గూడ గిదే తాగాలె, కడుపుకు అలవాటు గావాలె గద." మూతలో కొంచెం పోసి అందించింది. "నిదానంగ తాగు."

మహేశ్వరి తాగింది. మొదటి గుక్కను కాసేపు నోట్లోనే ఉంచుకుని మింగింది. ఇంకో మూత తాగింది. గుండె దడ తగ్గలేదు. అయినా గంజి కడుపులో నిలిచింది.

పందెం మొదలయ్యాక వేదవతి అందరినీ దాటిపోయింది. ఒకే రోడ్డు మీద పోయి తిరిగొచ్చే చుట్లు కాబట్టి, మలుపు తిరిగిన ప్రతిసారీ మహేశ్వరికి ఎదురు వైపు నుంచి ఆమె కనిపించేది. ఇందాక వణికిన చేతులు ఇప్పుడు మగ్గంలో అటూ ఇటూ పోయే నాడెల్లా ఆడుతున్నాయి. ముఖంలో అలజడి లేదు. ఆ భయం ఎటుపోయింది? ఎటూ పోలేదు, ఆమెతోపాటే నడుస్తోంది. అది తెలిసి చూస్తుంటే మహేశ్వరికి ఒళ్లు గగుర్పొడిచింది. వరంగల్‌లో మొరాయించిన మోకాళ్లు ఆఖరి చుట్టులో కూడా నిటారుగా నిలిచాయి. ఐదో స్థానంలో వచ్చింది. ఒకే ఒక్క కార్డు పడింది.

పందెం అయ్యాక షామియానా కింద పులిహోర పంచుతున్నారు. వేదవతి మెడలో పతకంతోనే కింద కూర్చుని వేళ్లు నాకుతూ తింటోంది. మహేశ్వరి తన పళ్లెం పట్టుకుని ఆమె పక్కన చేరింది. అడగాలనుకున్నవి చాలా ఉన్నాయి.

"తిను. రేపటికి పనికొస్తది," అంది వేదవతి, తన పళ్లెంలోని పల్లీలు ఏరి ఆమె పళ్లెంలో వేస్తూ.