మూకీ సినిమాకు నేనిచ్చిన నోరు

ఒక్క మైకు పుచ్చుకుని ఒక పెద్దమనిషి పరువు, మా సంఘం పరువు, నా పరువు కలిపి గంటలో ఎలా తీయవచ్చో తెలుసుకోవాలని ఉంటే మీరు సరైన మనిషి దగ్గరికే వచ్చారు. కూర్చోండి. నీళ్లు దగ్గర పెట్టుకోండి, ఇది చంద్రపూర్‌లో మే నెల కథ.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి వచ్చి పద్మాపూర్ బొగ్గు గనిలో చేరాడు. నేను ఇక్కడే పుట్టి, మరాఠీ బడిలో చదివి, గణపతి మండపాల్లో మైకు పట్టుకుని పెద్దవాడినయ్యాను. పెళ్లి ఊరేగింపు నుంచి కబడ్డీ పోటీ దాకా ఎక్కడ మైకు కనబడితే అక్కడ నేను ఉండేవాడిని. తెలియని విషయం మీద మాట్లాడమంటే మరీ హుషారు. అడ్డం రావడానికి నిజాలేవీ ఉండవు కదా.

మా గల్లీలో నాకంటే చిన్నవాడు నారాయణ మా చిన్న సినిమా సంఘం నడిపేవాడు. అందరూ మరిచిపోతే వాడు తవ్వి తీసిన మనిషి పోచన్న. మా జిల్లాలోనే కోర్పనా పక్క పల్లెలో తెలుగు రైతుబిడ్డ. నాగలి వదిలి, రైలెక్కి బొంబాయి వెళ్లి, మూకీల రోజుల్లో దర్శకుడయ్యాడు. తర్వాత మాటల సినిమా కూడా తీశాడు. ఆయన మూకీ ఒకటి పుణెలో పాత రీళ్లు దాచుకునే ఒకాయన దగ్గర దొరికితే నారాయణ దాన్ని లాప్‌టాప్‌లోకి ఎక్కించి తెచ్చాడు. మాటల సినిమా రీళ్లు మాత్రం రాజురాలో పోచన్న కూతురు సత్తవ్వ ఇనుప పెట్టెలో ఉన్నాయి. పెట్టె తాళంచెవి ఆమె బొడ్లో ఉంది. ఎనభై దాటిన ఆ అవ్వ ఎవరు అడిగినా ఒకటే మాట అనేది.

"మొదలు మా నాయిన బొమ్మను మీరెట్ల సూస్తరో సూడనియ్యి. గప్పుడు పెట్టె సంగతి మాట్లాడుదం."

ఆ రీళ్లు మా ఎండలకు పాడైపోతున్నాయి. ఇంకొన్ని వేసవులు గడిస్తే పొడి మాత్రమే మిగిలేది. అంటే పోచన్న పడిన కష్టం నిలవడమా పోవడమా అన్నది ఆ ఒక్క ఆటతో తేలాలి. అలాంటి ఆటకు కథ చెప్పడానికి నారాయణ నన్ను పిలిచాడు. పాపం, మంచివాడే.

మూకీ ఆడేటప్పుడు తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్పేవాడట, తెర మీద రెండు మూడు భాషల్లో పడే అక్షరాలు చదవరాని జనం కోసం. మా దగ్గరా ఆ భాషలన్నీ చదివేవాళ్లు లేరు కాబట్టి ఆ పాత పద్ధతే పెట్టుకున్నాం.

"అన్నా, ముందుగాల ఒక్కపారి బొమ్మ సూడు," అన్నాడు నారాయణ.

"కథ చెప్పినవు గద తమ్మీ. అత్త కోడల్ని సతాయిస్తది, ఆఖరుకు బుద్ధొస్తది. గది సూసుడెందుకు, మా గల్లీల రోజూ నడుస్తది."

"యేషాలు కట్టినోళ్ల గురించి గుడ నీకు చెప్పాలె."

"అందరు సచ్చిపోయి ఉంటరు. ఇగ చెప్పేదేంది?"

ఈ ముక్క అన్నప్పుడు నేనెంత తెలివిగా నవ్వుకున్నానో మీరు చూడాల్సింది.

ఆదివారం హాలు నిండింది. రెండు కూలర్లు గాలి కంటే చప్పుడే ఎక్కువ ఇస్తున్నాయి. ముందు వరుసలో సత్తవ్వ కొత్త చీర కట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తండ్రి తీసిన బొమ్మ ఆమె చూడటం అదే మొదటిసారి.

కోడలు కనబడింది. సన్నగా, బెదురు కళ్లతో ముచ్చటగా ఉంది. "సూడుండ్రి, గీ కాలంల గిసొంటి అందం దొరుకుతదా?" అన్నాను. జనం ఊ కొట్టారు. తర్వాత అత్త వచ్చింది. బలమైన దవడ, వెడల్పు భుజాలు, అడుగేస్తే చీర కుచ్చిళ్లు చిరిగేటట్టు నడక.

"గీ అత్తను సూసి భయపడకుండ్రి. గామె నడుస్తుంటే మా గనిల లారీ వస్తున్నదనుకుంటరు."

హాలు గొల్లుమంది. ఇక నన్ను పట్టేవాళ్లు ఎవరు?

"గీ మొకానికి మొగుడెట్ల దొరికిండో గాని, మొదటి రాత్రే బల్లార్షాల బండెక్కి పారిపోయి ఉంటడు."

నారాయణ లాప్‌టాప్ వెనక నుంచి రెండు చేతులూ ఊపుతున్నాడు. చప్పట్లు కొడుతున్నాడనుకున్నాను. దగ్గరికొచ్చి నా చొక్కా లాగాడు.

"అన్నా, ఆగు. అత్త మాట ఇడిచిపెట్టు."

"ఎందుకిడుస్తరా, జనం నవ్వుతుండ్రు."

తెర మీద అత్త కోడల్ని తరుముతూ బురదలో జారిపడింది. కొప్పు ఊడి పక్కన పడింది. కింద పొట్టిగా కత్తిరించిన జుట్టు. మెదడున్నవాడికి అక్కడైనా అర్థమయ్యేది.

"అత్త మొన్ననే వేములవాడ పొయ్యొచ్చి గుండు గొరిగిచ్చుకున్నది," అన్నాను. కొందరు నవ్వు ఆపుకోలేక కుర్చీలోంచి జారారు.

బొమ్మ అయిపోయింది. లైట్లు వెలిగాయి. సత్తవ్వ మెల్లగా లేచి వచ్చి నా చేతిలో మైకు తీసుకుంది.

"గా అత్త మా నాయిన," అంది.

చంద్రపూర్ చుట్టూ ఇన్ని బొగ్గు గనులు తవ్వారు, ఒక్కటీ నా కాళ్ల కింద లేకపోయింది.

"గప్పుడు ఆడోళ్లు బొమ్మలల్లకు రాకపోతుండిరి. అత్త యేషం కట్టెటాయనకు జరమొచ్చింది. మా నాయిన మీసం తీసేసి తనే చీర కట్టిండు. కోడలు గుడ మొగపిలగాడే, నువ్వు తెగ మెచ్చుకున్నవు గద." జనం నన్ను చూశారు. "మీసం లేకుండ ఊరికొస్తే మా తాత ఇంట్లకు రానియ్యలే. తండ్రి సచ్చినోడు తీస్తడు మీసం, నేను బతికుండంగనే తీసినవా అన్నడంట. మీసం మల్ల మొలిచిందాంక నాయిన పసులకొట్టంల పండుకున్నడు."

నాకు నిజంగా ఏడుపొచ్చింది. సినిమా కోసం అంత పడ్డ మనిషిని నేను లారీ అన్నాను. ఆమె కాళ్ల మీద పడ్డాను.

"అవ్వా, తప్పయింది. నా మీది కోపంతోని పెట్టె మాత్రం మూసిపెట్టకు."

"కోపమెందుకు కొడుకా? గా అత్తను సూసి జనం నవ్వాల్నని నాయిన మీసం తీసిండు. ఇన్నేండ్లకు ఇంతమంది నవ్విండ్రు." ఆమె కళ్లు తుడుచుకుని, బొడ్లోంచి తాళంచెవి తీసి నారాయణ చేతిలో పెట్టింది. "తీస్కపోండ్రి. పెట్టెల ఉన్నది మాటల బొమ్మ. దానికి గీ పిలగాడు మాట్లాడే పని లేదు."

ఆ హాలు సాక్షిగా, పోచన్న మీసం సాక్షిగా అప్పుడే ఒట్టు వేసుకున్నాను. నా బొందిలో ప్రాణం ఉండగా ఏ తెర పక్కనా నిలబడను, ఏ అత్త గురించీ నోరు విప్పను.

రీళ్లు బాగుచేయించి ఆ మాటల సినిమా అదే హాల్లో వేశారు. కూర్చోవడానికి చోటు లేక జనం గోడలకు ఆనుకుని నిలబడ్డారు. నేను చివరి వరుసలో బుద్ధిగా కూర్చున్నాను. సగం బొమ్మయ్యాక తెర మీదికి ఒక అత్త వచ్చింది, సరిగ్గా అప్పుడే శబ్దం ఆగిపోయింది. హాలంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది, ముందు వరుసలో సత్తవ్వతో సహా. నేను నీళ్ల సీసా మూత తీసి, సీసా నోటికి ఎత్తుకుని, శబ్దం మళ్లీ వచ్చేదాకా తాగుతూనే ఉన్నాను.