ఈబీవీ పాజిటివ్ అన్న తర్వాత

సిరిసిల్లలో మిషన్ మీద జాకెట్లు కుడతాను. ఒకరోజు తల దువ్వుకుంటుంటే మెడకు ఎడమపక్క గోళీ అంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు కాబట్టి వదిలేశాను. నెల తిరిగేసరికి గడ్డలు రెండయ్యాయి. సాయంత్రమైతే జ్వరం, తెల్లారేసరికి ఒళ్లంతా చెమట. మొదట చూసిన డాక్టరు టీబీ కావచ్చని మందులు రాశాడు. మూడు నెలలు మింగాను. గడ్డ పెరిగింది, నేను తగ్గాను.

కోరుట్ల నుంచి మా అన్న వచ్చి చూసి, "గిట్లనే కూసుంటవా చెల్లె, నడువు" అని హైదరాబాద్ తీసుకుపోయాడు. బయాప్సీలో హాడ్జ్‌కిన్ లింఫోమా అని తేలింది. అది ఒక రకం క్యాన్సరట. రిపోర్టు చివర 'ఈబీవీ పాజిటివ్' అని ఉంది. అదేమిటని ల్యాబ్‌లో అడిగితే, "వైరసమ్మా, ఎంగిలితోని వస్తది" అన్నారు. అంతే.

నా బిడ్డ అక్షరకు ఆరేళ్లు. ఎప్పుడూ నా కంచంలోనే తింటుంది. ఈ రోగం దానికి నేనే అంటించానా? ఇంటికి రాగానే నా కంచం, గ్లాసు వేరు చేసుకున్నాను. అది దగ్గరికొస్తే జరిగిపోయేదాన్ని.

"అమ్మా, నేనేం జేసిన?" అని అడిగింది.

మొదటి కీమో రోజు, హైదరాబాద్‌లో నాకు వైద్యం చేసే డాక్టరమ్మను అడిగేశాను. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఈ వైరస్ నాకు గూడ ఉండొచ్చు. చిన్నప్పుడే దాదాపు అందరికీ వస్తది, ఒంట్లనే నిద్రపోతది. కణం క్యాన్సర్‌గా మారాలంటే దాని జీన్లల్ల తప్పులు పడాలె. నీ గడ్డలల్ల ఆ పని కొంత వైరసే చేసినట్టుంది. ఆ తప్పులు గడ్డ కణాలల్లనే ఉంటయి, బిడ్డకు పోవు. క్యాన్సర్ ఎంగిలితోని అంటదు."

"మరి అందరికుంటే నాకే ఎందుకొచ్చింది మేడం?"

"అది మాకూ పూర్తిగ తెల్వదమ్మా."

అంత చదువుకున్నామె తెలియదంది. ఆ మాట దాచలేదు కాబట్టే మిగతావి నమ్మాను.

మూడో కీమో తర్వాత రక్తకణాల కౌంట్లు పడిపోయి వారం అడ్మిట్ అయ్యాను. జుట్టు పోయింది. చివరి పెట్ స్కాన్ చూసి డాక్టరమ్మ, "ఏం కనవడ్తలేదు" అంటే, నాకు భయమేసి మళ్లీ అడిగాను. రోగమే కనబడటం లేదట.

ఇప్పుడు మధ్యాహ్నం దాకా కుడతాను, చెకప్‌లకు పోతాను. మీకు చెప్పేది ఒక్కటే. రిపోర్టులో అర్థం కాని మాట ఉంటే దాని మీద వేలు పెట్టి డాక్టరునే అడగండి, ఆ రోజే అడగండి. నాకు పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులు నా బిడ్డను ముద్దు పెట్టుకోలేదు.