చివరి పడక దగ్గర ప్రెషర్ ఎంత?

2020 ఏప్రిల్ మధ్యలో, డబ్లిన్‌కు పడమర వైపున్న ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో నాకు కొత్త పని అప్పగించారు. మూతపడి ఉన్న పాత వార్డును కోవిడ్ వార్డుగా మార్చాలి. అందులో ఆక్సిజన్ సరఫరా నా వంతు. అప్పటికి నేను ఎస్టేట్స్ విభాగంలో, అంటే భవనాలూ యంత్రాలూ చూసే విభాగంలో, మెడికల్ గ్యాస్ పైపులకు ఆథరైజ్డ్ పర్సన్‌ని. నా పర్మిట్ లేకుండా ఆ పైపు మీద ఎవరూ స్పానర్ పెట్టకూడదు. ఆ ఆసుపత్రిలో రోగుల ఊపిరి నా సంతకం మీద ఆడేదని చాలా విందుల్లో చెప్పుకున్నాను. అదే హోదా ఇంకో ఇద్దరికి కూడా ఉండేదనీ, వాళ్లిద్దరికీ కారు పెట్టుకోవడానికి కేటాయించిన చోటు ఉండేదనీ, నాకు లేదనీ మాత్రం చెప్పలేదు.

ఈ జ్ఞాపకంలో అసలు మనిషి నేను కాదు, వసుంధర. ఆమెను కనిపెట్టింది నేనే. కనిపెట్టడమంటే, నేస్ అనే ఊళ్లో మా ఇళ్ల కాలనీలోనే రెండు వరసల అవతల వాళ్ల ఇల్లు. లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు దాటకూడదన్నాక, నడిచేవాళ్లందరం ఒకటే దారి చుట్టూ తిరిగేవాళ్లం. ఎదురుపడకుండా ఉండడమే కష్టం. ఎడంగా నిలబడి గట్టిగా మాట్లాడుకోవాలి కాబట్టి, ఆమె ఉద్యోగ చరిత్ర నాతో పాటు ఆ వీధి మొత్తానికీ తెలుసు, భాష తెలియకపోయినా.

వసుంధరది గాజువాక. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి విశాఖలో ఓడలు మరమ్మతు చేసే యార్డులో చేరింది. మొదటి రోజే ఫోర్‌మన్ ఆమెకు డ్రాయింగ్ గదిలో ఫ్యాన్ కింద కుర్చీ చూపించాడట. “ఇక్కడ కూకోమ్మా, ఎండన పడకు.” ఆమె ఆ కుర్చీలో బ్యాగు పెట్టి, హెల్మెట్టూ టార్చీ తీసుకుని ఓడ అడుగు ట్యాంకులోకి దిగింది. డాక్ దగ్గర ఆడవాళ్లకు బాత్‌రూమ్ లేదు. గేటు దాకా సైకిల్ తొక్కుకుని వెళ్లి వచ్చేది. తరువాత గాలి నుంచి ఆక్సిజన్ వేరుచేసే ప్లాంటులో ఉద్యోగం. రాత్రి షిఫ్టులు ఆడవాళ్లకు ఇవ్వం, అవి చేయనివాళ్లకు షిఫ్ట్ ఇన్‌చార్జ్ పదోన్నతి ఇవ్వం అన్నారు. “ఆ రెండు మాటలూ ఒకే మనిషి ఒకే నోటితో అన్నాడు బాబాయ్, మధ్యలో టీ కూడా తాగాడు” అనేది.

భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద ఐర్లాండ్ వచ్చాక కొన్నేళ్లు ఖాళీ. పిమ్మట పెద్ద భవనాలను చల్లబరిచే ఏసీ చిల్లర్లు బాగుచేసే చిన్న కంపెనీలో వ్యాన్ నడుపుకుంటూ చేరింది. అక్కడి నుంచి డబ్లిన్ పక్కనున్న క్లోనీ దగ్గర డేటా సెంటర్ కడుతున్నచోట కమిషనింగ్ ఇంజనీర్ అయింది. కట్టినదాన్ని యజమానికి అప్పగించే ముందు పరీక్షించేవాళ్లను అలా అంటారు. నిర్మాణాలన్నీ ఆగిపోవడంతో ఆ కాంట్రాక్టు కూడా ముగిసింది. ఆమె ఇంకో ఉద్యోగం వెతుక్కోలేదు. సొంత పేరు మీద కన్సల్టెన్సీ రిజిస్టర్ చేసి, బీమా కట్టి, మొదటి పని కోసం చూస్తోంది.

ఆక్సిజన్ తెలిసిన ఇంజనీర్ ఎవరైనా ఉన్నారా అని మా మేనేజర్ డెక్లన్ సమావేశంలో అడిగితే, దేశమంతా గాలించి తెచ్చినట్టు ఆమె పేరు చెప్పాను. డెక్లన్ మంచివాడు. నన్ను ‘మర్ఫీ’ అనేవాడు. మూర్తి అనడం రాక కాదు, ఆప్యాయత కొద్దీ. ఆయనకు కావలసింది ఒక్కటే: శుక్రవారానికి వార్డు తెరుచుకోవాలి. డబ్లిన్‌లోని ఒక పెద్ద కన్సల్టెన్సీ అప్పటికే ఫోనులో ఫరవాలేదనేసింది. చూసి సరేనని రాసిచ్చే మనిషి దొరికితే చాలు.

ఆసుపత్రి గేటు దాటగానే వసుంధర నన్ను బాబాయ్ అనడం మానేసి ‘మూర్తిగారు’ అంది. నేనూ సర్దుకుని నిలబడ్డాను.

వార్డులో ఇరవై పడకలు. ప్రతి పడక వెనక గోడకు ఒక ఆక్సిజన్ అవుట్‌లెట్. మా పద్ధతి ప్రకారం ఒక్కో అవుట్‌లెట్‌కు గేజ్ తగిలించి, ముల్లు నాలుగు ‘బార్’ల ప్రెషర్ చూపితే పచ్చ స్టిక్కర్ అంటించేవాళ్లం. ఇరవై స్టిక్కర్లూ నేనే అంటించాను, వంకర లేకుండా.

వసుంధర వాటిని చూసి, “విడివిడిగా అన్నీ పాసవుతాయండి. అన్నీ ఒకేసారి తెరిచి చూశారా?” అంది.

ఎవరూ చూడలేదు. చూసే ఆచారమే లేదు. పాత వార్డుల్లో అందరు రోగులూ ఒకేసారి ఆక్సిజన్ పీల్చరన్న అంచనాతో పైపు సైజు నిర్ణయిస్తారు. మామూలు మాస్కుకు నిమిషానికి అయిదు, పది లీటర్లు చాలు. కోవిడ్‌కు తెచ్చిన హై ఫ్లో మిషన్ ఒక్కటే యాభై, అరవై లీటర్లు లాగుతుంది. వేసవిలో వీధి కుళాయిలన్నీ ఒకేసారి తిప్పితే చివరి ఇంటి బిందె నిండుతుందా అని ఆమె నన్ను తెలుగులో అడిగింది. డెక్లన్‌కు ఇంగ్లీషులో వేరేలా చెప్పింది. డేటా సెంటర్‌లో ఒక్క కంప్యూటర్ కూడా పెట్టకముందే, ఉత్త హీటర్లతో భవనం మొత్తాన్ని పూర్తి లోడు మీద నడిపి చూస్తారట. “మెషీన్లకు చేసే పరీక్ష మనుషులకు చెయ్యొద్దా?” అంది.

డెక్లన్ జుట్టు పీక్కున్నాడు. ఉన్న ఆక్సిజన్‌ను ఖాళీ గదిలోకి వదలడమా అన్నాడు. అప్పుడే కిరణ్ వచ్చాడు. వరంగల్‌లో చదివిన మత్తు డాక్టరు, ఆ వార్డు అతనిదే కాబోతోంది. ముఖం మీద మాస్కు అచ్చు ఎర్రగా పడి ఉంది.

“అక్కా, గోడకు అవుట్‌లెట్లున్నయ్, మిషన్లొచ్చినయ్. కింద ఎమర్జెన్సీల మనుషులు ట్రాలీల మీద పండుకున్నరు. నువ్వు పరీక్షలంటవేంది?”

“వాళ్లను తెచ్చి పడుకోబెట్టాక ప్రెషర్ పడిపోతే ఏటి చేస్తావు తమ్ముడూ?”

“పడ్తదని నీకెట్ల తెలుసు?”

“పదో మిషన్ తిప్పగానే పడుద్ది. రాసుకో.”

అంత గట్టిగా అనకుండా ఉండవలసిందని నాకనిపించింది. మొదటి పని, పెద్ద కంపెనీ మాటకు ఎదురు మాట. తప్పయితే ఆ చుట్టుపక్కల ఆసుపత్రుల్లో ఆమెను మళ్లీ ఎవరూ పిలవరు. ఒప్పయితే కింద ట్రాలీల మీద ఉన్నవాళ్లకు చోటు లేదు. డెక్లన్ కిరణ్ వైపు చూశాడు. కిరణ్ గడియారం చూసుకుని, “జల్ది కానీండ్రి మరి” అన్నాడు.

పర్మిట్ నేను రాశాను. ఆక్సిజన్ గదిలో పేరుకుంటే చిన్న నిప్పురవ్వ కూడా ప్రమాదం కాబట్టి వసుంధర కిటికీలన్నీ తెరిపించి, గదిలో ఆక్సిజన్ శాతం చూపే మీటరు పెట్టించింది. ఫోన్లు బయట పెట్టించింది. పైపు చివర ఉన్న పడక దగ్గర గేజ్ తగిలించి నన్ను నిలబెట్టింది. పరీక్ష మొత్తం నేనే నడిపానని తరువాత చెప్పుకున్నాను గానీ, నా పని ముల్లు చూసి అంకె కేకవేయడం.

ఒక్కో మిషన్ తిప్పుతూ వచ్చారు. ముల్లు కొద్దికొద్దిగా దిగింది. పదోది తిప్పారు. ముల్లు నిలబడింది. అలారం మోగవలసిన గీతకు చాలా పైన, హాయిగా.

డెక్లన్ “గ్రాండ్” అన్నాడు. ఇక్కడివాళ్లు ఆ మాటతో సంభాషణలు ముగిస్తారు. కిరణ్ అప్పటికే ఎమర్జెన్సీకి ఫోను చేయడానికి తలుపు వైపు నడిచాడు. నాకూ లోపల హమ్మయ్య అనిపించింది. నా స్టిక్కర్లు నిలబడ్డాయి కదా. తరువాత ఏళ్ల తరబడి, “అప్పుడు నేనే ఆగండి అన్నాను” అని చెప్పాను. నేనేమీ అనలేదు.

అన్నది వసుంధర. “నా లెక్క తప్పింది. పరీక్ష అయిపోలేదు. పదకొండోది తిప్పండి” అంది, గొంతు ఏమీ మారకుండా. లెక్క తప్పిన మనిషి ఇంకా ఆజ్ఞలివ్వడం డెక్లన్‌కు కొత్త. మర్యాదస్తుడు కాబట్టి తిప్పించాడు. పన్నెండు. పదమూడు. పద్నాలుగు. పదిహేనోది తిప్పగానే ముల్లు మెల్లగా దిగడం మానేసి జారింది. గీత దాటింది. నేను అంకె కేక వేసేలోపే గోడ మీది అలారం మోగింది. ఇంకోటి తిప్పితే మిషన్లే వరసగా కూయడం మొదలుపెట్టాయి. కిరణ్ తలుపు దగ్గరి నుంచి వెనక్కి వచ్చి, చివరి పడక పక్కన నిలబడి, ఆ ఖాళీ దిండు వైపు చూశాడు.

“ఈ బెడ్ మీద నేను రాత్రికే మనిషిని పెడ్తుంటి అక్కా” అన్నాడు.

“పెట్టలేదుగా. పద, ఎంతమందిని పెట్టొచ్చో చూద్దాం.”

అరగంటలో ఆమె తేల్చింది: పన్నెండు పడకలకు హై ఫ్లో, మిగిలిన ఎనిమిదింటికి మామూలు మాస్కులు. ఎవరికి ఏది అన్నది కిరణ్ చూసుకుంటాడు. ఈలోగా పక్క భవనం పైపు నుంచి వార్డు రెండో కొసకు ఇంకో లైను కలపాలి. శుక్రవారం వార్డు ఆ పరిమితితోనే తెరుచుకుంది. కొద్ది రోజుల్లో రెండో లైను వేసి, ఇరవై మిషన్లూ ఒకేసారి తిప్పి మళ్లీ చూశారు. ఆ పైన 2021 జనవరిలో వార్డు కిక్కిరిసినప్పుడు అలారం మోగలేదు.

ఆమె లెక్క తప్పడానికి కారణం కూడా బయటపడింది. డ్రాయింగులో సన్నగా చూపిన పైపులో సగభాగాన్ని ఎప్పుడో మరమ్మతులో లావుదానితో మార్చారు, డ్రాయింగు దిద్దలేదు. రిపోర్టులో మొదటి పేరాలోనే రాసింది: ప్రెషర్ పడేది నా అంచనాలో పదో మిషన్‌కు, కొలతలో పదిహేనోదానికి, తేడాకు కారణం ఇది. మొదటి రిపోర్టులో మొదటి పేరా ఇలా ఎందుకమ్మా, చివర్లో పెట్టు అని సలహా ఇచ్చాను. “చివర్లో పెడితే దాచినట్టుంటది బాబాయ్” అంది. ఆ రిపోర్టునే డెక్లన్ ఇంకో మూడు ఆసుపత్రులకు పంపాడు. తన తప్పు తానే రాసుకున్న కన్సల్టెంట్‌ను నమ్మవచ్చని వాళ్లకు చెప్పాడట. పెద్ద కంపెనీ ఫోను సలహా సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నేను పదవీ విరమణ చేశాక ఆమె కంపెనీలో సీనియర్ సలహాదారుగా చేరాను. వారానికి రెండు రోజులు గేజ్‌ల పెట్టె మోస్తాను, ముల్లు చూసి అంకె చెబుతాను. జీతం సలహాదారుది కాదు, పెట్టె మోసేవాడిది, అది సరైనదే.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి ఆ రోజు నుంచి తీసుకోదగిన పాఠం చిన్నది. అంచనా గట్టిగా చెప్పడంలో తప్పులేదు. అది తప్పినప్పుడు తప్పిందని అందరికీ వినబడేలా చెప్పి, కొలత మాత్రం చివరి పడక దాకా కొనసాగించాలి. పదో మిషన్ దగ్గర ఆ గదిలో ఉన్న మిగిలినవాళ్లం అందరం ఆపేద్దామనే అనుకున్నాం.